సముద్రపు గాలిలో కాఫీ గింజలు: విశాఖ ఇళ్లలో నిల్వ లెక్కలు

అరకు లోయకు వెళ్లి విశాఖపట్నం తిరిగి వచ్చేవారి సంచుల్లో కాఫీ పొట్లాలు లేకుండా ఉండటం అరుదు. ఇంటికి రెండు, ఇరుగుపొరుగుకు రెండు, హైదరాబాదులో ఉన్న బంధువుల కోసం మరో రెండు అన్నట్టుగా కొని తెచ్చినవాటిలో సగం వంటింటి అటకెక్కి, మూడు నాలుగు నెలల తరువాత గాని దిగవు. అప్పుడు కాచిన కాఫీ చప్పగా ఉంటే నింద తోట మీదో దుకాణం మీదో పడుతుంది. తోటలు 110 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉన్నాయి కాబట్టి ఈ ఊరివారికి తాజా కాఫీ సులువుగా దొరుకుతుందన్న నమ్మకం ఒకటి ఉంది. అది సగమే నిజం. కాఫీ తాజాదనాన్ని లెక్కించవలసింది కోత కోసిన రోజు నుంచి కాదు, గింజను వేయించిన రోజు నుంచి. వేయించిన మరుక్షణం నుంచి దానికి పట్టే గతిని కొండ మీది చల్లదనం కన్నా, కింద సముద్రం ఒడ్డున ఉన్న ఉక్కపోతే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

వేయించని పచ్చి గింజ ఓపిక గల సరుకు. పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాల్లో వెండి ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన పండే అరబికా రకం కాఫీ పళ్లను చలికాలంలో కోసి, గుజ్జు తీసి, ఎండబెట్టినప్పుడు గింజలో తేమ 10 నుంచి 12 శాతం దాకా మిగులుతుంది. ఆ స్థితిలో, తగిన గిడ్డంగిలో, అది నెలల తరబడి పెద్దగా చెడదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు వ్యాలీ అరబికా ఏడాది పొడవునా దొరకడానికి ఈ ఓపికే కారణం. 200 డిగ్రీలకు పైబడిన వేడిలో వేయించాక కథ మారిపోతుంది. తేమ రెండు మూడు శాతానికి పడిపోతుంది, గింజ ఉబ్బి లోపల సన్నని రంధ్రాలమయమవుతుంది, వందల రకాల సువాసన పదార్థాలు పుడతాయి, వాటితోపాటు గింజ బరువులో సుమారు 15 శాతం దాకా ఉండే నూనె కదలడం మొదలుపెడుతుంది. ముదురుగా వేయించిన గింజ పైన మెరిసే జిడ్డు ఆ నూనెదే. గింజ లోపలి రంధ్రాల్లో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఇరుక్కుని, రోజుల తరబడి మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది. పొట్లం మీద కనిపించే చిన్న గుండ్రని కవాటం ఆ వాయువును బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వకుండా చేసే ఏర్పాటు. వాసన చూడటానికి దాన్ని నొక్కడం ఇప్పుడు కొనేవారికి అలవాటైంది గాని, దాని అసలు పని పొట్లం ఉబ్బి పగలకుండా చూడటం.

ఆ వాయువు పోతున్నంత కాలం గింజకు కొంత రక్షణ ఉంటుంది, ఎందుకంటే లోపలి నుంచి వచ్చే ఒత్తిడి బయటి ఆక్సిజన్‌ను దూరంగా ఉంచుతుంది. అది తగ్గిన కొద్దీ 21 శాతం ఆక్సిజన్ ఉన్న మామూలు గాలి రంధ్రాల్లోకి చొరబడి, ముందు సువాసన పదార్థాలను, ఆ తరువాత నూనెను పాడుచేస్తుంది. మొదటి దశలో కాఫీ చప్పబడుతుంది. రెండో దశలో, వాడి పక్కన పెట్టిన వేపుడు నూనెకు వచ్చే వాసన లాంటిది దానికీ వస్తుంది. గింజలను పాడుచేసేవి గాలి, తేమ, వేడి, వెలుతురు అని సాధారణంగా నాలుగింటినీ ఒకే వరసలో చెబుతారు. ఆ నాలుగింటి బలం సమానం కాదు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఆక్సిజన్ వల్ల, దాని తరువాత తేమ వల్ల, ఆ తరువాతే వేడి వల్ల జరుగుతుంది. వెలుతురును గాజు సీసాను అలమరాలో పెట్టడంతో తప్పించవచ్చు. విశాఖలో వేడిని గురించి జనం ఎక్కువ కంగారు పడి, తేమను తక్కువగా లెక్కవేస్తారన్నది ఇక్కడ చెప్పదగిన మాట. చెన్నై, కాకినాడ వంటి తీర నగరాలకూ ఇది వర్తిస్తుంది, అనంతపురానికి మాత్రం అంతగా వర్తించదు.

ఆ తేమ ఎంతో ఒకసారి లెక్క కట్టి చూడవచ్చు. 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజును తీసుకుంటే (బీచ్ రోడ్డుకు దగ్గరలో నివసించేవారికి ఏడాదిలో సగం రోజులు ఇలాంటివే), ఘనమీటరు గాలిలో సుమారు 25 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఒక లీటరు డబ్బా మూత తీసిన ప్రతిసారీ లోపలి గాలి పూర్తిగా మారిందనుకున్నా, అందులోకి వచ్చేది 25 మిల్లీగ్రాములే. రోజుకు రెండుసార్లు చొప్పున నెల రోజులు తీస్తే, ఆ ఆవిరినంతా గింజలే పీల్చుకున్నాయనుకున్నా, మొత్తం గ్రామున్నర. 250 గ్రాముల గింజల్లో మొదట ఉన్న నీరు ఐదు గ్రాములనుకుంటే, ఈ గ్రామున్నర చిన్నదేమీ కాదు గాని ప్రాణాంతకం కూడా కాదు. అంటే, మూత బిగుతుగా ఉన్న డబ్బాను రోజూ తెరవడం వల్ల జరిగే నష్టం భయపడేంతది కాదు. నష్టమంతా మూత సరిగా పట్టని డబ్బాలోనూ, కత్తిరించి రబ్బరు బ్యాండు వేసి వదిలేసిన పొట్లంలోనూ ఉంటుంది. వాటిలో గాలి రాకపోకలు రోజుకు రెండుసార్లు కాదు, ఇరవై నాలుగు గంటలూ సాగుతాయి. వర్షాకాలం సాయంత్రం కంచంలో వదిలేసిన అప్పడం ఎంతసేపటికి మెత్తబడుతుందో తెలిసిన ఇంట్లో ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు.

తేమగాలి కాఫీని ఎంతగా మార్చగలదో చెప్పడానికి పడమటి తీరంలో ఒక నిదర్శనం ఉంది. తెరచాప ఓడల కాలంలో భారతదేశపు పచ్చి గింజలు నెలల తరబడి సముద్రం మీద ప్రయాణించి యూరప్ చేరేసరికి తేమకు ఉబ్బి, రంగు వెలిసి, పులుపు తగ్గిపోయేవి. కొనేవారు ఆ రుచికే అలవాటుపడ్డారు. ప్రయాణ కాలం తగ్గాక ఆ రుచి పోయింది. దాంతో మలబారు తీరంలో గింజలను గిడ్డంగుల్లో పరిచి, నైరుతి రుతుపవనాల గాలి తగలనిచ్చి, అదే మార్పును కావాలని తెప్పించడం మొదలైంది. మాన్సూన్డ్ మలబార్ అన్న పేరుతో ఇప్పటికీ అమ్ముడవుతున్నది అదే. అయితే అక్కడ గాలికి పెట్టేది పచ్చి గింజను, ఆ తరువాత దాన్ని వేయిస్తారు. వేయించిన గింజను గాలికి పెడితే మిగిలేది నష్టమే. అటక మీద మర్చిపోయిన పొట్లాన్ని ఈ పేరు చెప్పి సమర్థించుకోవడం కుదరదు.

తేమ సంగతి తెలిసినవారు వెంటనే వెతికే ఆశ్రయం ఫ్రిజ్. ఈ ఊళ్లో కాఫీ గింజలకు అంతకన్నా చెడ్డ చోటు మరొకటి లేదని చెప్పవచ్చు, దాని కారణం కూడా లెక్కలోనే ఉంది. పైన చెప్పిన 32 డిగ్రీల, 75 శాతం తేమ గల గాలి 27 డిగ్రీల దగ్గరే నీటి చుక్కలుగా మారడం మొదలవుతుంది. నాలుగు డిగ్రీల చల్లదనంలోంచి తీసిన డబ్బాను గట్టు మీద పెట్టి మూత తెరిస్తే, మంచినీళ్ల సీసాకు బయట పట్టే చెమ్మే గింజలకు లోపల పడుతుంది. 250 గ్రాముల గింజలు మామూలు వేడికి వచ్చేదాకా మూత తీసి ఉంచితే, వాటి మీద చేరే నీరు ఒకటి రెండు గ్రాముల దాకా ఉండవచ్చు. బయట ఉన్న డబ్బాను నెలంతా తెరిచి మూసినందువల్ల లోపలికి రాగలిగిన తేమ, ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాకు ఒక్క పూటలో వస్తుందన్నమాట. రోజూ తీసి, నాలుగు చెంచాల గింజలు తీసుకుని, మళ్లీ లోపల పెట్టే ఇంట్లో ఈ పని రోజుకు రెండుసార్లు కొంచెం కొంచెంగా జరుగుతూనే ఉంటుంది. దీనికి తోడు వాసనలు. వేయించిన కాఫీ వాసనలను పీల్చుకోవడంలో ఎంత దిట్ట అంటే, ఫ్రిజ్‌లో దుర్వాసన పోవడానికి ఒక గిన్నెలో కాఫీ పొడి పెట్టే చిట్కా ఇళ్లలో ప్రచారంలో ఉంది. నిన్నటి చేపల పులుసు, కోసిన ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి ముద్ద ఉన్న అరలో దాచిన గింజ ఏమవుతుందో ఆ చిట్కాయే చెబుతోంది.

ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేసే ఉపాయాన్ని కాఫీకి కూడా వాడేవారున్నారు. ఇది పనికిరాకపోవడమే కాదు, ఎదురు తిరుగుతుంది. నిల్వ బియ్యంలో తేమ 12 నుంచి 14 శాతం ఉంటుంది, వేయించిన కాఫీ గింజలో రెండు మూడు శాతం. రెంటినీ ఒకే డబ్బాలో మూసి ఉంచితే నీరు బియ్యం నుంచి కాఫీలోకే పోతుంది. మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు తేమను పీల్చే పని నిజంగానే చేస్తాయి గాని, అవి ఆక్సిజన్‌ను ఆపలేవు. పైగా ఒకసారి తేమ నిండాక వాటిని ఎండబెట్టకపోతే ఉత్త బరువే.

డబ్బాల విషయానికి వస్తే, కవాటం, జిప్పు ఉన్న అసలు పొట్లాన్ని మించినది చాలా ఇళ్లలో ఉండదు. దానిలోపలి రేకు పొర గాలిని, తేమను, వెలుతురును మూడింటినీ ఆపుతుంది. గింజలు తగ్గిన కొద్దీ పొట్లాన్ని చుట్టి గాలిని బయటికి నెట్టవచ్చు. గట్టి డబ్బాకు ఈ సౌకర్యం లేదు. అందులో గింజలు సగమైతే మిగతా సగం గాలి. కొత్త డబ్బా కొన్న ఉత్సాహంతో మంచి పొట్లాన్ని చించి అందులోకి ఒంపేయడం కన్నా, పొట్లాన్ని పొట్లంగానే డబ్బాలో దించి మూత పెట్టడం మేలు. పొట్లం నాసిరకమైతే, సిలికాన్ రబ్బరు చుట్టు ఉన్న స్టీలు డబ్బా లేదా గాజు సీసా వాడవచ్చు. 250 గ్రాముల గింజలకు దాదాపు 700 మిల్లీలీటర్ల చోటు సరిపోతుంది కాబట్టి, రెండు లీటర్ల డబ్బాలో వాటిని ఉంచడం గాలిని దాచుకోవడమే. వంటింట్లో వరసగా ఉండే మామూలు స్టీలు డబ్బాల మూతలు పప్పులకు చాలు, కాఫీకి చాలవు. పింగాణీ జాడీ చూడముచ్చటైనది గాని, ఊరగాయకు పైనున్న నూనె చేసే కాపలా కాఫీకి ఎవరూ చేయరు. విశాఖలో మరో సంగతి కూడా చూసుకోవాలి. ఉప్పుగాలికి తగరపు రేకు డబ్బాల అంచులు, గాజు సీసాల ఇనుప కొక్కేలు ఏడాది రెండేళ్లలో తుప్పు పడతాయి. తుప్పు పట్టిన కొక్కెం మూతను అదిమి పట్టలేదు. అపార్ట్‌మెంటు సముద్రం వైపు ఉంటే కొక్కెం లేని మర మూతలే నయం. గాలిని పంపుతో లాగేసే డబ్బాల మీద ఇటీవల మోజు పెరిగింది. అవి కొంత మేలు చేసే మాట నిజమే గాని, ప్రతిసారీ మూత తీసినప్పుడు గాలి తిరిగి నిండుతుంది, ప్రతిసారీ ఓపికగా లాగాలి. ఆ డబ్బుతో మంచి గ్రైండర్ కొనుక్కోవడం తెలివైన పని.

డబ్బాను ఎక్కడ పెట్టాలన్నది చిన్న ప్రశ్న. పొయ్యి పక్కన, పొయ్యి పై అర, పడమటి ఎండ తగిలే గోడ, వెనక నుంచి వేడి కొట్టే ఫ్రిజ్ నెత్తి, ఇంగువ ఉన్న పోపు డబ్బా పక్క, వీటిని తప్పిస్తే చాలు. లోపలి గదిలోని చెక్క అలమరా ఉత్తమం. ఏసీ గది చల్లగా ఉంటుంది కదా అని పడకగదిలో పెట్టినా, 24 డిగ్రీల గింజలను 27 డిగ్రీలకే చెమ్మ వదిలే వంటింటి గాలిలోకి తెచ్చి తెరవడం ఫ్రిజ్ సమస్యకే చిన్న రూపం.

ఇంతవరకు చెప్పినదంతా సరిగ్గా చేసినా, ఎక్కువ కొన్న తప్పును ఏ డబ్బా దిద్దలేదు. నలుగురున్న ఇంట్లో రోజుకు ఎనిమిది కప్పుల ఫిల్టర్ కాఫీ, కప్పుకు పది గ్రాముల పొడి అనుకుంటే రోజుకు 80 గ్రాములు, 250 గ్రాముల పొట్లం మూడు రోజుల్లో అయిపోతుంది. అలాంటి ఇంటికి నిల్వ సమస్యే లేదు, స్టీలు డబ్బాయే చాలు. ఒక్కరే ఉండి రోజుకు 18 గ్రాములతో ఒక కప్పు చేసుకునేవారికి అదే పొట్లం రెండు వారాలు వస్తుంది, కిలో పొట్లమైతే దాదాపు ఎనిమిది వారాలు. తెరిచిన పొట్లంలోని గింజల రుచి రెండు మూడు వారాలు బాగుంటుందని, నెల దాటితే తేడా తెలుస్తుందని కాఫీ పట్టింపు ఉన్నవారి మధ్య స్థూలంగా ఒప్పుకోలు ఉంది. కాబట్టి కిలో ధర చౌకని కొన్న ఆ ఒక్కరి లెక్కలో సగానికి పైగా కాఫీ రుచి తప్పాక తాగినదే అవుతుంది. గిరిజన సహకార సంస్థ దుకాణాలు, గింజలు వేయించి అమ్మే కొత్త చిన్న రోస్టరీలు, ఇంటికి చేర్చే సేవలు ఉన్న ఊళ్లో ఎక్కువగా కొని పెట్టుకోవలసిన అగత్యం ఎవరికీ లేదు. కరువు రోజుల నాటి కొనుగోలు అలవాటును కాఫీకి వర్తింపజేయడమే ఇక్కడి అసలు చిక్కు.

కొనేటప్పుడు చూడవలసిన తేదీ వేయించిన తేదీ. చాలా పొట్లాల మీద ప్యాక్ చేసిన తేదీ, ఫలానా నెలలలోపు వాడండి అన్న సూచన మాత్రమే ఉంటాయి. ఆ సూచన తాజా రుచికి హామీ కాదు. మరీ కొత్తదనం కూడా సుగుణం కాదు. నిన్న వేయించిన గింజలో వాయువు మిక్కుటంగా ఉండి, వేడినీళ్లు పొడిని సమంగా తడపనివ్వదు. నాలుగైదు రోజులు ఆగిన గింజ సాధారణంగా మంచి కాఫీనిస్తుంది, లేతగా వేయించినదైతే ఇంకొంచెం ఆగాలి.

గింజకూ పొడికీ మధ్య తేడా రోజులకూ గంటలకూ మధ్య ఉన్న తేడా. పొడి చేయగానే గాలి తగిలే వైశాల్యం అనేక రెట్లు పెరిగి, దాచుకున్న వాయువులో పెద్ద భాగం నిమిషాల్లో ఎగిరిపోతుంది. వంటింటిని ఘుమఘుమలాడించే ఆ వాసన కప్పులోకి రావలసినదే. అయితే విశాఖ ఇళ్లలో అధిక శాతం ఇప్పటికీ దుకాణంలో ఆడించిన పొడినే, చాలావరకు చికోరి కలిపినదాన్నే వాడతాయి. చికోరి వేయించిన వేరు పొడి, దానికి తేమను లాక్కునే గుణం కాఫీ కన్నా ఎక్కువ. ఆగస్టు నెలలో మిశ్రమం డబ్బా అడుగున గడ్డకట్టడానికి, ఫిల్టర్‌లో డికాక్షన్ దిగకుండా మొరాయించడానికి అదే ఎక్కువసార్లు కారణం. అలాంటి పొడిని వారానికి సరిపడా ఆడించుకోవడం తప్ప మార్గం లేదు. మరోవైపు, చికోరి, చిక్కని పాలు, పంచదార కలిసిన కప్పులో గింజ వయసు చాలావరకు దాగిపోతుందన్నది కూడా ఒప్పుకోవాలి. పాలు కలపకుండా తాగేవారికి ఉన్నంత పట్టింపు మిగతావారికి అవసరం లేదు.

ఎక్కువ కొనక తప్పని సందర్భాలు ఉంటాయి, అరకు ప్రయాణాలు ఏడాదికి ఒకసారే జరిగే ఇళ్లూ ఉంటాయి. అప్పుడు పనికి వచ్చేది ఫ్రిజ్ కాదు, దాని పై అర, అంటే ఫ్రీజర్. సున్నాకు 18 డిగ్రీలు దిగువన గింజ ముసలితనం బాగా నెమ్మదిస్తుంది. గింజలో నీరు అతి తక్కువ కాబట్టి కూరగాయల్లా గడ్డకట్టి చెడే ప్రమాదం లేదు. షరతులు రెండే: వారానికి సరిపడా చిన్న పొట్లాలుగా, గాలి తీసి, రెండు పొరల్లో కట్టి పెట్టాలి, బయటికి తీసిన పొట్లాన్ని రాత్రంతా మూసే ఉంచి, గది వేడికి వచ్చాక మర్నాడు తెరవాలి, మళ్లీ లోపల పెట్టకూడదు. ఒక్కో కప్పుకు సరిపడా చిన్న సీసాల్లో ఉంచి, గడ్డకట్టిన గింజలనే నేరుగా ఆడించేవారికి రెండో షరతు వర్తించదు. ఆ క్షణమే వేడినీళ్లలోకి పోయే పొడికి కాస్త చెమ్మ తగిలినా నష్టమేమీ లేదు. తుఫాను భయం ఉన్న ఊరు కనుక కరెంటు సంగతి కూడా తలచుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత నగరంలో చాలా ప్రాంతాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు మాంసం, చేపలు పారేయాలి గాని, మూసి ఉన్న కాఫీ పొట్లానికి ఏమీ కాదు. అది కరిగిన నాటి నుంచి మామూలు పొట్లంలాగే వయసు మీద పడుతూ ఉంటుంది, దాన్ని వరసలో ముందుగా వాడేస్తే సరి.

ఇంట్లో ఉన్న గింజ ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. అప్పుడే ఆడించిన పొడి మీద కొద్దిగా వేడినీళ్లు పోస్తే, తాజాదైతే పొంగి బుడగలు వస్తాయి, పాతదైతే బురదలా కూర్చుంటుంది. లేతగా వేయించిన గింజ మీద కొన్నప్పుడు లేని జిడ్డు తరువాత తేలితే అది నిల్వలో వేడి తగిలిన గుర్తు, ముదురు గింజకు మాత్రం జిడ్డు మొదటి నుంచే ఉంటుంది. రుచి పోయిన గింజతో హాని లేదు. దాన్ని పొడి చేసి, రాత్రి చన్నీళ్లలో నానబెట్టి పొద్దున వడకట్టుకుంటే వేసవిలో పాలతో కలిపి తాగదగిన డికాక్షన్ వస్తుంది. ముక్కిన వాసన వచ్చినా, గింజలు వేళ్ల మధ్య పుటుక్కున విరగకుండా వంగుతున్నా, ఎక్కడైనా తెల్లని బూజు పోగు కనిపించినా అది పాతబడటం కాదు, తడి చేరి చెడిపోవడం. ఆ పొట్లాన్ని ఏరి వాడుకోకుండా మొత్తంగా పారవేయాలి.